కింది తొమ్మిది పంక్తులు

గుండ్లమిట్ట, ఐరాల మండలం
12 జూన్ 2024

గోదా,

నీ చెవులు పూర్తిగా పోయాయని విన్న రోజు ఏడ్చాను. ఇప్పుడు చూస్తే అందులో నాకొక లాభం కనబడుతోంది. ఫోనులో నీతో మాట్లాడే వీలు లేదు, సెల్లులో వేలితో పొడుస్తూ రాయడం నాకు చేతకాదు. తిరుపతి హాస్టల్ వదిలిన నలభై ఏళ్ళకు మళ్ళీ నీకు కాగితం మీద రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా చేనిలో మోటారు కొట్టం దగ్గర బట్టలుతికే బండ ఒకటుంది, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. మొన్న చేను చదును చేయిస్తూ మా ఆయన దొరస్వామి దాన్ని జేసీబీతో పక్కకు తీయించాడు. తిరగబడేసరికి అడుగున అంతా అక్షరాలు. నా కొడుకు ధర్మేంద్ర మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి తుడిచి, 'కృష్ణరాయ' అన్న మాట పట్టుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

వాడి గురించి నీకు పూర్తిగా రాయలేదు ఇన్నాళ్ళూ. రేణిగుంటలో గోడౌను ఉద్యోగం పోయాక ఏడాదిన్నర వాడు మంచం దిగలేదు. దిగితే తాగడానికే. అలాంటివాణ్ణి ఎవరో స్నేహితులు రాయల జయంతికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి మనిషే మారిపోయాడు. మందు మానేశాడు, పుస్తకాలు తెచ్చుకున్నాడు, తెల్లవారకముందే లేచి వ్యాయామం చేస్తాడు. ఊళ్ళో 'రాయల సేన' అని పెట్టాడు, నలభై మంది పిల్లకాయలు. రోడ్డు కూడలిలో రాయల విగ్రహం నిలపాలని పట్టుదల. రాయలవారు నా కొడుకును నాకు తిరిగి ఇచ్చారు గోదా. నేను ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

నువ్వు చరిత్ర చెప్పినదానివి, పాత రాతలు చదవగలవు. ఫోటోలు పంపుతున్నాను. ఏముందో చదివి పెట్టు.

భారతి


తిరుపతి
20 జూన్ 2024

భారతీ,

నిన్ను భారతమ్మ అని పిలిచేవాళ్ళు ఊరంతా ఉంటారు. నాకు మాత్రం నువ్వు భారతివే.

ఫోటోలు చూసి నాకూ ఒళ్ళు పులకరించింది. మా నాన్నగారు లక్ష్మీనరసింహ, ఆలయ కార్యాలయంలో శాసనాలకు నకళ్ళు తీసేవారని నీకు తెలుసు కదా. నాకు ఆరేడేళ్ళప్పుడు కొండకు తీసుకెళ్ళి రాయల విగ్రహం చూపించారు. "అంత చక్రవర్తి ఇక్కడ ఎలా నిలబడ్డాడో చూడు" అన్నారు. చేతులు జోడించుకుని, పక్కన ఇద్దరు దేవేరులతో, వచ్చేపోయే జనం మధ్యన. ఆ రూపమే నా మనసులో ఉండిపోయింది.

పై భాగం తేలిగ్గానే చదవగలిగాను. శక సంవత్సరం పద్నాలుగు వందల నలభై చిల్లర, ఆఖరి అంకె అరిగిపోయింది. బిరుదులు, ఆ తర్వాత శ్రీకృష్ణదేవరాయలు పృథ్వీరాజ్యం చేస్తుండగా అని. నీ కొడుకు సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ అసలు విషయం కింది తొమ్మిది పంక్తుల్లో ఉంది, ఫోటోలో అది నీడలా ఉంది. రాతిని కడిగి, మందపాటి కాగితం తడిపి పరిచి, బ్రష్షుతో అక్షరాల సందుల్లోకి కొట్టి, కొంచెం ఆరాక గుడ్డతో సిరా అద్దండి. ఆ కాగితం ఆరబెట్టి పంపు.

గోద


గుండ్లమిట్ట
9 జూలై 2024

గోదా,

కాగితం పంపుతున్నాను. ధర్మేంద్రకు తీరిక లేక ఆ పని మా ఆయనే చేశాడు. ఎప్పుడూ టమోటా, మామిడి తప్ప వేరే మాట ఎత్తని మనిషి రెండు రోజులు ఆ రాతి పక్కనే కూర్చున్నాడు. "ఏం రాసినారో సూడాల" అంటాడు.

విగ్రహానికి కార్తీక పౌర్ణమి నాడు ముహూర్తం. పెద్ద నాయకుడెవరో వస్తున్నారు. పిల్లలు కరపత్రం కూడా అచ్చు వేశారు, ఒకటి ఇందులో పెట్టాను. రాయలు దండయాత్రకు పోతూ మా ఊళ్ళో విడిది చేసి, ఈ భూములు మా పూర్వీకులకు దానమిచ్చాడని శాసనం చెబుతున్నట్టు రాశారు. నువ్వు ధ్రువీకరించావని నీ పేరు వేశారు. తొందరపడ్డార్రా అంటే, ఎట్లాగూ అదే ఉంటుంది కదమ్మా అన్నాడు ధర్మేంద్ర.

ఊరు చూడముచ్చటగా ఉంది. ప్రతి ఇంటి మీదా సేన జెండా. బాలసుబ్రమణ్యం సారు ఒక్కడే కట్టలేదు. మా పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన సారు ఆయన. మరునాడు పొద్దున చూస్తే ఆయన ఇంటిమీద రెండు జెండాలున్నాయి. ఎవరు కట్టారని ఆయనా అడగలేదు.

భారతి


తిరుపతి
24 జూలై 2024

భారతీ,

దొరస్వామిగారికి నా నమస్కారం చెప్పు. మా నాన్నగారు చూస్తే మెచ్చుకునేంత శుభ్రంగా నకలు తీశారు.

కింది పంక్తులు చదివాను. తప్పు చదివానేమోనని నాలుగు రోజులు మళ్ళీ మళ్ళీ చూశాను. విడిది లేదు, దానం లేదు. నేటి మాటల్లో చెబితే ఇది: పన్నులకు ఓర్వలేక ఈ ఊరి కాపులు, అంటే రైతులు, ఇళ్ళు విడిచి, ఎడ్లతో సహా కొండ దాటి వెళ్ళిపోయారు. మూడేళ్ళు ఊరు పాడుపడి ఉంది. రాయల అధికారి మనిషిని పంపి పిలిచాడు. పెళ్ళి మీదా మగ్గం మీదా వేసిన కొత్త పన్నులు ఎత్తివేస్తేనే వస్తామని వాళ్ళు కబురు చేశారు. ఎత్తివేశారు. వాళ్ళు తిరిగి వచ్చి, ఇక ముందు ఎవరూ మాట తప్పకుండా రాతి మీద రాయించుకున్నారు.

ఇది నాకు దానశాసనం కన్నా గొప్పగా అనిపించింది. ఇందులో రాయలకు చిన్నతనం లేదు. జనం మాట ఆయన రాజ్యంలో చెవిన పడింది, అది తక్కువ సంగతి కాదు. కానీ ఆ మాట అన్నది మీ ఊరివాళ్ళు. నీ కొడుకుకు అలాగే చెప్పు. కరపత్రంలోంచి నా పేరు తీయించు. నేను చదవనిది నేను చదివినట్టు ఉండకూడదు.

పాఠమంతా వేరే కాగితం మీద రాసి జతచేశాను. ఒక ప్రతి శాసనాల శాఖకు కూడా పంపాను. వాళ్ళు వచ్చి రాతిని చూస్తారు.

గోద


గుండ్లమిట్ట
11 ఆగస్టు 2024

గోదా,

నీ ఉత్తరం ఇద్దరికీ చదివి వినిపించాను. మా ఆయన నవ్వాడు. "మన తాతలు గట్టోళ్ళే" అన్నాడు. ధర్మేంద్ర నవ్వలేదు. రెండోసారి చదవమన్నాడు. చదివాను. అప్పుడు అడిగాడు: "ఆయమ్మ ఎవురి పక్కమ్మా?"

ఏ పక్కా లేదురా, ఉన్నది చదివింది అన్నాను. రాయల కాలంలో రైతులు పారిపోయారంటే నవ్వేవాళ్ళు నవ్వుతారని, దేశమంతా తలెత్తుకునేలా చేసిన రాజును మన ఊరి రాయే దించుతుందా అని వాడి బాధ. పేరు తీయడానికి లేదట, పదివేల కాగితాలు పంచేశారు.

నిన్నొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పై సగం మాత్రం రాసి, కింది భాగం అరిగిపోయింది, చదవడానికి రాదు అని ఒక్క ముక్క రాసివ్వకూడదా? అబద్ధమే. కానీ వాడు మళ్ళీ ఆ మంచమెక్కితే నేను చూడలేను.

ఇంకో చిన్న సంగతి. బాలసుబ్రమణ్యం సారు టీ కొట్టు దగ్గర ఏదో ఎగతాళిగా అన్నాడట, రాయలకు మన తాతలు పన్ను ఎగ్గొట్టినారంటనే అని. సాయంత్రం పిల్లలు ఆయన్ని రాయల ఫ్లెక్సీ ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించి వీడియో తీశారు. అయిపోయింది, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కుర్రతనం. ఆ మాట ఊళ్ళోకి ఎలా పోయిందో తెలియదు. నేను చదివేటప్పుడు ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం.

భారతి


తిరుపతి
2 సెప్టెంబర్ 2024

భారతీ,

రాసివ్వలేను. కోపం లేదు, రాసివ్వలేను అంతే.

మొన్న శనివారం మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. తెల్లచొక్కాలు, నుదుట బొట్టు, నా కాళ్ళకు దండం పెట్టారు. పళ్ళు, శాలువా తెచ్చారు. నాకు వినిపించదు కాబట్టి వచ్చినవాళ్ళ కోసం బల్ల మీద ఒక నోట్‌బుక్కు ఉంచుతాను. ఒకడు తన పేరు భానుచందర్ అని అందులో రాశాడు. టైపు చేసిన కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. నువ్వడిగిన ముక్కే, ఇంకా కొంచెం పొడవుగా. చేయనన్నాను. వాళ్ళిద్దరూ మొహాలు పక్కకు తిప్పుకుని మాట్లాడుకున్నారు. చెవిటిదాని ముందు అలా మొహం తిప్పుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలియదు. మళ్ళీ నోట్‌బుక్కు తీసుకుని భానుచందర్ రాశాడు: "మీ పాప పద్మాక్షి సూళ్ళూరుపేటలో పొద్దున ఏడున్నరకు దిగుతాది గదమ్మా. స్టేషన్ నుంచి ఒక్కతే నడుస్తాది."

అంతే రాశాడు. నవ్వుతూ దండం పెట్టి వెళ్ళారు. పళ్ళు అలాగే ఉన్నాయి, ముట్టుకోలేదు.

ఇంకొకటి. వాడు రాసిన వాటిలో ఒక వాక్యం ఉంది: "జనం మాట ఆయన రాజ్యంలో చెవిన పడింది అని మీరే అన్నారు." అది నేను నీకు రాసిన ఉత్తరంలోది. నా ఉత్తరాలు ఎవరు చదువుతున్నారు భారతీ? నా చిరునామా, నా కూతురి పేరు వాళ్ళకు ఎవరిచ్చారు?

గోద


గుండ్లమిట్ట
20 సెప్టెంబర్ 2024

గౌరవనీయులైన శ్రీమతి గోదా గారికి నమస్కరించి వ్రాయునది.

మేమందరం క్షేమం. మీరు అనవసరంగా ఆందోళన చెందుతున్నారు. మా గ్రామంలో లభించిన శిలాశాసనం కింది భాగం ఎండకూ వానకూ పూర్వమే చెడిపోయి ఉన్నందున అందులో చదవదగినది ఏమీ లేదు. తమరు పంపిన పాఠం తమరి ఊహ మాత్రమే. ఈ విషయమై ఇకపై ఎవరికీ ఉత్తరాలు వ్రాయవద్దని కోరుచున్నాము. జాతి గర్వించదగ్గ చక్రవర్తిని కించపరచడం తమ వంటి పెద్దలకు తగదు.

ఇట్లు,
భారతమ్మ


తిరుపతి
28 సెప్టెంబర్ 2024

భారతీ,

దీన్ని నీ ఇంటికి కాక, చిత్తూరులో మీ ఆడపడుచు శకుంతలమ్మగారి ఇంటికి పంపుతున్నాను. నీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వవద్దని కవరు మీద రాశాను.

ఇరవయ్యో తేదీ ఉత్తరంలో దస్తూరి నీది, మాటలు నీవి కావు. నువ్వు నన్ను ఎన్నడూ గారు అనలేదు. ఎవరో పక్కన నిలబడి చెబుతుంటే రాశావు. 'కించపరచడం' దగ్గర కాగితం చిరిగేంత గట్టిగా నొక్కావు.

రాయి సంగతి వదిలెయ్. నువ్వు బాగున్నావా? ఆ ఒక్క మాట రాయి చాలు.

గోద


చిత్తూరు
6 అక్టోబర్ 2024

గోదా,

శకుంతల నీ ఉత్తరం తెచ్చి ఆసుపత్రిలో నా చేతికిచ్చింది. మా ఆయన ఇక్కడే ఉన్నాడు, తుంటి విరిగింది, తలకు దెబ్బ. ఇరవై రోజులయింది. నేను నీకు చెప్పలేదు.

శాసనాల శాఖవాళ్ళు వస్తున్నట్టు పంచాయతీకి కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నమే ధర్మేంద్ర, భానుచందర్, ఇంకో నలుగురు సుత్తులూ ఉలులూ పట్టుకుని చేనికి వెళ్ళారు. నేను వెనకాలే పరిగెత్తాను. మా ఆయన రాతి మీద కూర్చున్నాడు. "దీన్ని ముట్టుకోవద్దురా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇది నా లాంటోడు రాయించుకున్న రాయి. రాయలోరే దీన్ని పగలగొట్టలేదు. నువ్వెవుడ్రా?"

ధర్మేంద్ర ఆయన భుజం పట్టుకుని పక్కకు లాగాడు. ఆయన లేవలేదు. ఈసారి తోశాడు. వెనక్కి పడి, జేసీబీ తవ్విన గుంట అంచున తల తగిలింది. నేను చూశాను గోదా. పది అడుగుల దూరంలో ఉన్నాను. వాడు ఒక్క నిమిషం తండ్రి వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు భానుచందర్ "అన్నా, టైమయితాంది" అన్నాడు. వాడు సుత్తి అందుకున్నాడు. ఆయన మూలుగుతుంటే పక్కనే కింది తొమ్మిది పంక్తులూ చెక్కేశారు.

ఆసుపత్రిలో, గట్టు మీంచి జారాడని నేనే చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు. నా నోటి నుంచి అదే వచ్చింది. అప్పటినుంచీ ఆ అబద్ధం నోట్లో గడ్డలా ఉంది. నీ ఉత్తరాలన్నీ నా పెట్టెలోంచి తీసి చదివింది ధర్మేంద్రే. నీ కూతురి సంగతి నేనే వాడికి మురిపెంగా చెప్పాను, ఎప్పుడో, ఉద్యోగం వచ్చిందని. ఆ ఇరవయ్యో తేదీ ఉత్తరం, వాడు నా భుజం మీద చెయ్యేసి చెబుతుంటే రాశాను.

నిన్న సభలో నీ పేరు చెప్పారట, తిరుపతిలో ఉన్న ద్రోహి అని. వచ్చే ఆదివారం నీ ఇంటికి వస్తున్నారు. పద్మాక్షిని ఎక్కడికైనా పంపు. నువ్వూ ఉండకు.

భారతి


తిరుపతి
15 అక్టోబర్ 2024

భారతీ,

పద్మాక్షి సెలవు పెట్టి చెన్నైలో మా వాళ్ళింటికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. మా నాన్నగారి కాగితాలు వదిలి ఎక్కడికి పోను?

ఆదివారం పదిగంటలకు వచ్చారు, ముప్పై మంది పైనే. తలుపు నేనే తీశాను. ఎవరూ నా మీద చెయ్యి వేయలేదు. రాయల మ్యూజియం పెడుతున్నామని, ఈ కాగితాలన్నీ జాతి సొత్తని, భద్రపరుస్తామని నోట్‌బుక్కులో రాసి చూపించారు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు తీసిన నకళ్ళు, నా పుస్తకాలు, దొరస్వామిగారి కాగితం, అన్నీ రెండు ఆటోలకు ఎక్కించారు. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నాకు చప్పుడేమీ లేదు. నోళ్ళు తెరుచుకోవడం, చేతులు పైకి లేవడం మాత్రం కనిపించాయి. నినాదాలయి ఉంటాయి.

నీ కొడుకు వచ్చాడు. నువ్వు పంపిన కరపత్రం మీది ఫోటోలో కన్నా చిక్కిపోయాడు. అందరూ బయటికి వెళ్ళాక గుమ్మం దగ్గర ఆగి, నోట్‌బుక్కు అందుకుని రాశాడు: "మా నాయన ఎట్లుండాడని మా యమ్మ రాసిందా?"

నేను అదే కాగితం మీద రాశాను: "చిత్తూరు గంటన్నర ప్రయాణం. వెళ్ళి నువ్వే చూడు."

వాడు దాన్ని చాలాసేపు చూశాడు. కింది పెదవి అదురుతోంది. ఏదో రాయబోయాడు కూడా. బయటినుంచి ఎవరో పిలిచారు కాబోలు, తల అటు తిప్పాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ మొహం లేదు. కాగితం చింపి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వాడు వచ్చాడా?

గోద


చిత్తూరు
24 నవంబర్ 2024

గోదా,

రాలేదు.

మా ఆయన ఈ నెల ఆరో తేదీన పోయాడు. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. పోయే ముందు రోజు ఒక పోలీసాయన వచ్చి, ఎట్లా పడ్డావు పెద్దాయనా అని అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. "జారిపడినా సారూ" అన్నాడు. కొడుకును కాపాడాడు. నేనూ తల వంచుకుని ఊరుకున్నాను. అంతటితో పోతుందనుకున్నాను.

ఊరికి తీసుకెళ్తే పొలిమేరలోనే సేన ఎదురొచ్చింది. పాడె మీద జెండా కప్పారు. కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఒక పక్క రాయలు, ఒక పక్క మా ఆయన. 'రాయల శిలను ధ్వంసం చేయవచ్చిన ద్రోహులను అడ్డుకుని ప్రాణమిచ్చిన వీరుడు దొరస్వామి' అని రాశారు. తిరుపతి నుంచి ఎవరో పంపిన మనుషులు వచ్చి శాసనం చెక్కేశారట, మా ఆయన వాళ్ళతో పోరాడాడట. ఆ ఎవరో నువ్వే అని మైకులో చెప్పారు. ధర్మేంద్ర తలకొరివి పెట్టాడు. చుట్టూ జై అంటుంటే వాడు ఏడుస్తూ ఉన్నాడు. ఆ ఏడుపు నిజమే. చెబుతున్న కథను కూడా వాడప్పటికే నమ్మేశాడనిపించింది, అదే నన్ను భయపెట్టింది. నన్ను దగ్గరికి తీసుకుని చెవిలో అన్నాడు: "అమ్మా, నాయన్ను ఎంత పెద్దోణ్ణి చేసినామో సూడు."

పౌర్ణమి నాడు విగ్రహం లేచింది. గుర్రం మీద, కత్తి ఎత్తి. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి వీరపత్ని అని శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ వేదిక మీద కూర్చుని, ఎదుట వందల మంది మా ఆయన కథ వింటుంటే చూశాను. పది రోజులే అయింది గోదా. నేను బతికే ఉన్నాను, చూసినదాన్ని, ముందు వరసలో కూర్చుని ఉన్నాను, అయినా జరిగింది మారిపోయింది. ఇంకో పదేళ్ళకు ఆ ఫ్లెక్సీనే నిజమవుతుంది. ఐదువందల ఏళ్ళనాటి రాజు సంగతి నాకు తెలియదు, చదువుకున్న నీకే తెలియాలి. మా ఆయన ఎలా పోయాడో మాత్రం నాకు తెలుసు.

నిన్న పొద్దున మొదటి బస్సుకు చిత్తూరు వచ్చాను. పోలీసు స్టేషన్‌కు వెళ్ళి, నోటితో చెప్పను, రాసిస్తాను, కాగితమివ్వండి అన్నాను. మూడు పేజీలు రాశాను. తోసింది ఎవరో, సుత్తి పట్టింది ఎవరో, ఆసుపత్రిలో అబద్ధం చెప్పింది నేనేనని, తిరుపతి నుంచి ఎవరూ రాలేదని. ఎస్సై చిన్నవాడు. రెండుసార్లు చదివి మంచినీళ్ళిచ్చాడు. "కన్నకొడుకమ్మా. ఒకసారి స్టాంపు ఏసినానంటే వెనక్కి తీసుకోలేవు. ఆ ఊర్లో ఉండనూలేవు" అన్నాడు. వెయ్యమన్నాను. వేశాడు.

బయటికి వచ్చేసరికి సేన అంతా రోడ్డు మీద ఉంది. ఎవరు కబురు పంపారో తెలియదు. ధర్మేంద్ర ఒక్కడే ముందుకు వచ్చాడు. చెప్పులు లేవు, తండ్రి పోయి నెల కాలేదు కదా, తల గుండు. చిన్నప్పుడు పుట్టువెంట్రుకలు తీయించినప్పటిలా ఉన్నాడు.

"ఏం రాసిచ్చినావమ్మా?" అన్నాడు.

"జరిగింది రాసినా."

వాడు నా చెయ్యి పట్టుకోవడానికన్నట్టు ఒక అడుగు వేశాడు. వెనక భానుచందర్ రాయలకు జై అని మొదలుపెట్టాడు, నలభై గొంతులు అందుకున్నాయి. నా కొడుకు నన్నే చూస్తూ ఉన్నాడు. మూడోసారికి వాడి పెదవులు కూడా కదిలాయి.

వాళ్ళు దారి ఇవ్వలేదు, ఆపనూ లేదు. వాళ్ళ మధ్య నుంచి, భుజాలు తగులుతుంటే, బస్టాండు దాకా నడిచాను.

భారతి